తలకాయల సారు చేతి కుంకుడు పులుసు

మొన్న మంగళారం పొద్దుగాల నిర్మల్ బస్సు కండక్టరు నా కిటికీ కాడికి వచ్చి, "అక్కా, తలకాయల సారు పోయిండట" అన్నడు. నేను మైకు బందు చెయ్యలే. కరీంనగర్ బస్టాండు మొత్తం "అయ్యో నా సారూ!" అన్న నా కేక ఇన్నది. చాయ్ తాగేటోళ్ళు గిలాసలు పట్టుకొనే లేసి నిలవడ్డరు. ఏ బస్సు పల్టీ కొట్టిందో అని ఒక ముసలామె నెత్తి మీది మూట దించి ఏడ్సుడు షురూ చేసింది. మల్ల నేనే మైకుల, "ఎవ్వలు పరేషాన్ కాకుండ్రి, బస్సులన్ని మంచిగనే ఉన్నయ్, మా సారే పోయిండు" అని చెప్పవల్సి వచ్చింది. గది ఇంకా మోపైంది. ఏ సారు, ఎప్పుడు, ఎట్ల అనుకుంట పదిమంది నా కిటికీకి మూగిండ్రు.

గీ బస్టాండ్ల "ఆదిలాబాద్ పోయే బస్సు ఆరో ప్లాట్‌ఫారం మీద ఉన్నది" అని రోజు అరిచేది నేనే. నా నోరు మూయించుడు మా ఆయనతోని కాలే, మా అత్తతోని కాలే, పై ఆఫీసరుతోని కాలే. గసొంటి నోరు ఒకప్పుడు ఎనిమిది నెలలు తాళం పడి ఉండె, దాన్ని తెరిసింది సారే అంటె ఎవ్వలన్న నమ్ముతరా? నమ్మకుంటె మానె. నాకైతె చెప్పకుంటె పొద్దు పోదు.

సారు డాక్టరు గాదు. కరీంనగర్ల ఒక దవఖానల పిల్లల నెత్తికి తీగలు అంటిచ్చి, తలకాయ లోపటి కరెంటును కాయితం మీద గీతలు గీయించే మిషిని ఉండె. గా మిషిని నడిపే మనిషి, అందుకే తలకాయల సారు. దవఖాన డాక్టరేమో హైదరాబాద్ నుంచి వచ్చిన పడుచాయన. మాట చెవిల పడంగనే పిల్లల మెదడు ఏం చేస్తదో తెలుసుకోవాలె అని ఆయనకు ఒకటే పిచ్చి. పిల్ల చెవులకు టేపురికార్డరు తగిలిచ్చి మాటలు ఇనిపిస్తుంటె, ఇటు మిషిని మీద వరుసగ పెన్నులు వణుక్కుంట గీతలు గీసుకపోయేటియి. ఊర్లల్ల దాన్ని తలకాయ ఫోటో అనేటోళ్ళు. నేర్సుకున్న తిట్లన్ని ఫోటోల పడతయ్ అని పిల్లలకు మస్తు భయం. ఒక పోరడు గదే అడిగితె సారు, "పడతయ్ బిడ్డా. ఫికర్ చెయ్యకు, నీ తిట్లున్న కాడికి నేను చింపేస్త" అన్నడట.

గా ఫోటోకు ఒక్కటే అడ్డం, నూనె. నెత్తి మీద జర నూనె ఉన్నా తీగ అతకదు. "తలకు నూనె పెట్టుకొని రాకూడదు" అని తలుపు మీద ఇంత పెద్ద బోర్డు రాయించిండ్రు. కాని మీరే చెప్పుండ్రి, పట్నం దవఖానకు పొల్లను తీస్కపోయే ఏ తల్లి ఎండు నెత్తితోని తీస్కపోతది? చూసినోళ్ళు దిక్కులేని పొల్ల అనుకోరా? చీటీల వద్దని రాసి పంపితె, రోజు పెట్టేదానికంటె ఇంకింత ఎక్కువ పెట్టి, గట్టిగ దువ్వి, రెండు జడలేసి పట్టుకొచ్చేటోళ్ళు. డాక్టరు నెత్తి కొట్టుకునేటోడు. సారు మాత్రం తువ్వాల భుజం మీదేసుకొని దవఖాన ఎన్క నల్లా కాడికి పోయేటోడు. గాడ బకెట్ల గోరువెచ్చని నీళ్ళు, గిన్నెల నానవెట్టిన కుంకుడుకాయలు ఎప్పుడు తయారే. ఆయన నౌకరి కాయితంల ఏం రాసి ఉండెనో గని, ఏండ్లకు ఏండ్లు ఆయన చేసింది మంది పిల్లలకు తలంటుడు.

ఎంత సోకుగ అంటుతుండె! ఎడమ చెయ్యి నొసటి మీద కట్ట లెక్క అడ్డం పెట్టి, కుడి చెయ్యితోని రుద్దుతుండె. కుంకుడు పులుసు కండ్లల్ల పడితె ఎంత మంటో మీకు ఎరుకే. "నా చేతుల ఒక్క పొల్ల కంట్ల సుక్క పడలే" అని వచ్చినోళ్ళకల్ల చెప్పేటోడు. మరి అంగి జేబుల ఉప్పుకల్లు పొట్లం ఎందుకు సారూ అంటె, "పడితె? పడితె నోట్ల ఉప్పు ఎవ్వలేస్తరు, మీ తాతనా?" అనేటోడు. కండ్లల్ల కుంకుడు పడితె నోట్ల ఉప్పు రాయి ఏస్తె మంట దిగుతదని మన దిక్కు అందరు ఏస్తరు గద. డాక్టరు గిది ఇని నవ్విండట. సారు పొట్లం తీయలే.

ఇంకో విద్య ఉండె ఆయనకు. నెత్తి వాసన చూసి ఊరు చెప్పేటోడు. కొబ్బరి నూనె అంటె కరీంనగరో పెద్దపల్లో, బజార్ల కొన్నరు. నువ్వుల నూనె అంటె ఎవుసం ఇల్లు. ఇప్పగింజల నూనె వాసన రాంగనే, "అడివి దిక్కు నుంచి ఎంత దూరం వచ్చిండ్రమ్మా, ముందుగాల కూసోండ్రి, బువ్వ తిన్నరా?" అనేటోడు. ఆడపిల్లలకైతె తీగలు చూపిచ్చి, "మీ అవ్వ రెండే జడలేసింది. నేను ఇరవై ఏస్త" అని ఆశ పెట్టేటోడు. ఏడ్సుకుంట వచ్చినోళ్ళు ఇరవై జడలేసుకొని అద్దం అడిగేటోళ్ళు.

ఇగ నా సంగతి. మా బాపు నస్పూర్ల బొగ్గు బాయి పని. నన్ను కన్న అవ్వది బోథ్ అవతల ఒక పల్లె, వాళ్ళింట్ల మాటంత మరాఠీ. నన్ను చిన్నప్పుడే మా ఆజీ కాడ, అంటె అమ్మమ్మ కాడ ఇడిసిపెట్టిండ్రు. ఆజీ ఏం మాట్లాడితె నేను గదే. బడీడు రాంగనే నస్పూర్కు తెచ్చిండ్రు. మొదటి రోజు బడికి తయారు చేసుకుంట అవ్వ నా గదవ పట్టుకొని చెప్పింది. "చూడు బిడ్డా, గీడ ఆజీ మాటలు మాట్లాడకు. నవ్వుతరు." ఆమె కొత్త కోడలుగ వచ్చినప్పుడు నల్లా కాడ ఆడోళ్ళు నవ్విండ్రట. ఆ నవ్వుడు ఆమె మనసుల కూసున్నది.

ఆజీ మాటలు మాట్లాడకు అన్నది గద, నేను బందు చేసిన. ఇంకో మాట నాకు రాదాయె. ఇగ మొత్తం దుకాణమే బందు. తల్లి మాట గంత గట్టిగ ఇన్న పొల్లను మల్ల మా ఖాందాన్ల చూడలే. గా వారమే నాకు జరం వచ్చింది. జరం పోయింది, మాట రాలే. ఇంట్ల గూడ రాలే. జరం నెత్తికెక్కి నాలిక పడిపోయిందని బాపు, బాపు ఎన్క వాడంత తేల్చిండ్రు. వసకొమ్ము అరగదీసి నాలికకు రాసిండ్రు. దర్గకు తీస్కపోయిండ్రు. అవ్వ మాత్రం గా పొద్దు అన్న మాట ఎవ్వలకు చెప్పలే. భయం.

ఎనిమిది నెలలైనంక బడి పెద్దసారు బాపును పిలిచి, "గీ పొల్లను ఇట్ల కూసోవెట్టుకోను. కరీంనగర్ల తలకాయ ఫోటో తీయించి డాక్టరు చీటీ తే. మెదడు ఖరాబైందని రాస్తె గాడనే మూగపిల్లల హాస్టల్ ఉన్నది, అండ్ల ఏద్దాం" అన్నడు. బాపుకు ఒక్క రోజే సెలవు దొరికింది. అందుకని రేకు పెట్టె కొన్నడు. మూత మీద తెల్ల రంగుతోని నా పేరు రాయించిండు. రెండు గౌన్లు, ఒక దుప్పటి, బువ్వ తినే తల్లె ఒకటి. దవఖాన నుంచి సీదా హాస్టలుకు. నేను మాట్లాడకపోతుంటి గని, ఇనుడు బందు కాలే గద! అన్ని ఇన్న. గా పెట్టె బస్సుల నా కాళ్ళ కింద పెట్టిండ్రు. మంచిర్యాల నుంచి కరీంనగర్ దాక దాని మూత మీది నా పేరునే చూసుకుంట పోయిన.

గా పొద్దు అవ్వ నూనె సీస మొత్తం నా నెత్తి మీద గుమ్మరిచ్చింది. పొల్లను హాస్టల్ల ఇడిసిపెట్టి వస్తున్న, మల్ల ఎన్నడు పెడతనో అనుకున్నదేమో. గౌను మెడ దాక కారింది.

నల్లా కాడ సారు నన్ను పీట మీద కూసోవెట్టి, ముందుగాల పెట్టె దిక్కు చూసిండు.

"గీ పెట్టె ఏందన్నా?"

బాపు అంత చెప్పిండు. హాస్టల్, చీటీ, ఒక్క రోజు సెలవు. సారు బకెట్ దగ్గరికి గుంజుకున్నడు. నీళ్ళు పోసిండు. రుద్దుకుంట తెలుగుల పేరడిగిండు. నేను చెప్పలే. "క్యా నామ్ హై బేటీ?" అన్నడు. ఊహూ. అప్పుడు ఏళ్ళు ముక్కు కాడ పెట్టుకొని వాసన చూసి, అవ్వను అడిగిండు.

"ఏం నూనె పెట్టినవ్ చెల్లె?"

"కొబ్బరి నూనె సారూ" అన్నది అవ్వ. అబద్ధం! మా ఇంట్ల కొబ్బరి నూనె ఎక్కడిది? ఆజీ పంపిన కుసుమ నూనె అది, ఊరి గానుగల పట్టిచ్చింది. కుసుమ నూనె అంటె మరాఠీ దిక్కు మనిషని తెలిసిపోతదని అవ్వ బుగులు.

సారు ఇంకోసారి వాసన చూసిండు. నా మొఖం చూసిండు. అవ్వ మొఖం చూసిండు. మల్ల రుద్దుడు షురూ చేసిండు. నొసటి మీది చెయ్యి ఎప్పుడు తీసిండో తెల్వదు గని, నా కుడి కంట్ల నిప్పుకణిక పడ్డట్టు మండింది.

"ఆయీ గ! డోళ్యాత్ గేలం! మేల్యా!"

అంటె, ఓ అవ్వా, కండ్లల్ల పోయింది, సచ్చినోడా! మా ఆజీ కోడెదూడను తిట్టే తిట్టు. అది నోట్లకెల్లి వచ్చుడు, నా నోట్ల ఉప్పు రాయి పడుడు ఒక్కపారే అయినయ్.

"కాయ్ గేలం, బాయీ?" అన్నడు సారు, ఏం ఎరుగనట్టు. ఏం పోయింది తల్లీ, అని. ఆదిలాబాద్ దిక్కు నుంచి వచ్చేటోళ్ళ కాడ నేర్సుకున్న మరాఠీ అది.

ఇగ చూడుండ్రి! ఉప్పు చప్పరిచ్చుకుంట మొత్తుకున్న. కన్ను పోయింది, నా జడ పోయింది, నన్ను పెట్టెల పెట్టి పంపుతుండ్రు, నేను పోను, నాకు ఆజీ కావాలె, గీ ముసలోడు మంచోడు గాదు. ఎనిమిది నెలల మాటలు మడతలు పెట్టి ఉన్నయేమో, కట్ట తెగినట్టు వచ్చినయ్. సారుకు గప్పుడు నలభై ఏండ్లు గూడ లేవు, ముసలోడు అన్నందుకు ఒక్కటే నవ్వుడు. అవ్వ నల్లా కాడ తడిలనే కూలవడి ఏడ్సుకుంట, నవ్వుకుంట, మరాఠీల నాకు ఎదురు మొత్తుకుంటుంది. "నేనే వద్దన్న, నా నోరు పడిపోను, నేనే వద్దన్న!" బాపు పెట్టె చేతుల పట్టుకొని నిలవడ్డడు. పెండ్లయి ఎనిమిదేండ్లైంది, పెండ్లాం గంత జోరుగ మాట్లాడుతదని ఆయనకు గప్పుడే తెలిసింది.

ఫోటో తప్పలే. చీటీ కావాలె గద. నాకు ఇరవై జడలేసిండు. చెవులకు టేపు తగిలిచ్చిండ్రు. అండ్ల ఒక రేడియో గొంతామె "బంతి... పిల్లి... గొడుగు..." అనుకుంట పోతుంది. నేను మూతి ముడుసుకొని కూసున్న. పిల్లి అన్న కాడ సారు డాక్టరు ఎన్క నిలవడి, నాకు ఒక్కదానికే కనవడేటట్టు, "మాంజర్" అని పెదవులతోని అని, మీసాలు దువ్వుకుంట పిల్లి లెక్క కండ్లు మూసి తెరిసిండు. పక్కున నవ్విన. మిషిని మీది పెన్నులన్ని ఎర్రి లేసినట్టు ఎగిరి, కాయితం దాటి సిరా డాక్టరు తెల్ల కోటు మీద పడ్డది.

"చూడుండ్రి డాక్టర్ సాబ్, పిల్లి అనంగనే మెదడు ఎట్ల ఎగిరిందో!" అన్నడు సారు.

"అది మెదడు కాదయ్యా, దవడ! నవ్వితే దవడ కదిలి గీతలన్నీ చెడిపోతాయని నీకు తెలియదా?" అని డాక్టరు కోటు తుడుసుకుంట మొత్తుకున్నడు. గా కాయితం పనికి రాలే. మల్ల మొదటి నుంచి తీసిండ్రు, గీసారి సారును అవతలికి పంపి. డాక్టరు గీతలన్ని చూసి, మెదడు మంచిగున్నది, పిల్ల మాటలన్ని మంచిగ ఇంటుంది, ఇంట్ల ఏ భాష వస్తె గా భాషల మాట్లాడనియ్యుండ్రి, బడి మాట అదే వస్తది అని చీటీ రాసి ఇచ్చిండు. అవ్వ దాన్ని కండ్లకద్దుకొని జాకెట్ల పెట్టుకున్నది.

వచ్చేటప్పుడు బస్సుల జాగ లేదు. బాపు నా పేరున్న పెట్టె మీదనే కూసున్నడు. గోదారి దాటే దాక నేను మాట్లాడుడు ఆపలే. ఎవ్వలకు సమజ్ గాకున్నా అందరు ఇన్నరు. ఒకాయన, "గీ పొల్లను ఏ దవఖానకు తీస్కపోయిండ్రు? మా ఇంటామెకు దీనికి ఉల్టా మందు గావాలె" అన్నడు.

మల్ల సారును చూసింది నేను నౌకరిల చేరినంకనే. ఒకరోజు మైకుల నిర్మల్ బస్సు చెప్తుంటె కిటికీ కాడ నెత్తి తెల్లవడ్డ మనిషి నిలవడి నన్నే చూస్తుండు. నేను ఎవ్వలో చెప్పంగనే ఆయన కిటికీల తలకాయ పెట్టి నా నెత్తి వాసన చూసిండు.

"ఛీ, షాంపూ! ఇప్పుడు నీ ఊరు ఎట్ల తెలుస్తది పిల్లా?"

లోపటికి పిలిచి చాయ్ తెప్పిచ్చిన. దవఖానకు కంప్యూటర్ వచ్చిందట. పెన్నులు లేవు, సిరా లేదు. పిల్ల మాట ఇంటుంటె తెర మీద తలకాయ బొమ్మ వచ్చి ఎర్రగ, పసుపుగ, పచ్చగ రంగులు మారుతదట. చెప్పుకుంట చేతులు ఊపుతుండు, హోలి ఆడినోని లెక్క. మరి నూనె సారూ అన్న. "గంత పెద్ద కంప్యూటర్ గూడ నూనెకు భయపడతది బిడ్డా. కుంకుడుకాయలు కొట్టుడు తప్పలే నాకు" అన్నడు.

గప్పుడు అడిగిన. "ఏం సారూ, ఎవ్వల కంట్ల సుక్క పడలే అంటవ్. నా కంట్ల పడ్డది గద?"

సారు చాయ్ గిలాస దిక్కు చూసిండు. "అగో, నా బస్సు కదులుతుంది. జర మైకుల చెప్పు" అన్నడు.

చెప్పిన. "ఆదిలాబాద్ పోయే బస్సు డ్రైవర్ గారూ, జర ఆగుండ్రి, మా తలకాయల సారు చాయ్ తాగుతుండు" అన్న. బస్సు ఆగింది. సారు సిగ్గుపడుకుంట ఉరికిండు. మరునాడు నాకు మెమో వచ్చింది. గా మెమో ఇప్పటికి మా ఇంట్ల గోడకు ఉన్నది.

మంగళారం గా కబురు ఇన్నంక ఇగ ఆగలే. నా పక్కామెకు మైకు అప్పజెప్పి, గా నిర్మల్ బస్సే ఎక్కి సారు ఇంటికి పోయిన. అప్పటికే మట్టి చేసి వచ్చిండ్రు. సారు భార్య గోడకు ఆనుకొని కూసున్నది. నేను ఎవ్వలో ఆమెకు తెల్వదు. పక్కన కూసోంగనే, దుఃఖంల ఉన్నోళ్ళు చెప్పుకుంటరు గద, గట్ల చెప్పుకుంట పోయింది.

"ఇన్నేండ్లు మంది పిల్లల నెత్తులే ఆయన లోకం బిడ్డా. ఒక్కటే రంది ఉండె. ఎప్పుడో ఒక పొల్లను పెట్టె కట్టుకొని తీస్కవచ్చిండ్రట. కుసుమ నూనె వాసన వచ్చిందట నెత్తికి. గీ పొల్లకు మాట ఉన్నది, వేరే మాట ఉన్నది అని అనుమానమైందట. చీటీ రాసిండ్రంటె ఇగ పొల్ల పోయినట్టే, తల్లి దాస్తుంది, అడిగితె పొల్ల నోరు తెరువదు అని, కావాల్నని కంట్ల పులుసు పడనిచ్చిండట. ఉప్పు ముందుగాలనే చేతుల పట్టుకున్నడట. పొల్లకు మాట వచ్చింది గని, 'తెలిసి తెలిసి పసిపొల్ల కంట్ల మంట పెట్టిన' అని మొన్నటి దాక అనుకుంటుండె. గా పొల్ల బస్టాండ్ల అడిగిందట, చెప్ప చాతగాక ఉరికొచ్చిండట. నీకు ఎరుకనా బిడ్డా గా పొల్ల?"

గింత పెద్ద నోరు నాది. ఒక్క మాట రాలే. చెప్పాలె, నేనే అమ్మా అనాలె, ఆయన కన్ను మండిచ్చింది గాదు, నన్ను ఇంటికి పంపిండు అనాలె. తెలుగు రాలే, మరాఠీ రాలే. మల్ల దుకాణం బందు. కండ్లల్లకెల్లి నీళ్ళు మాత్రం కారుతనే ఉన్నయ్.

"ఏమైంది బిడ్డా?" అన్నది.

నేను కొంగుతోని కుడి కన్ను ఒత్తుకొని, ఎట్లనో నోరు పెగుల్చుకొని, "కంట్ల... కంట్ల పడ్డదమ్మా" అన్న.

ఆమె నా మొఖం శాన సేపు చూసింది. మెల్లగ లేసింది. చిలక్కొయ్యకు సారు అంగి ఇంకా అట్లనే ఉన్నది. జేబుల చెయ్యి పెట్టి పొట్లం తీసింది. ఒక ఉప్పు రాయి ఏరి, నా గదవ పట్టుకొని, "నోరు తెరువు" అన్నది.

తెరిసిన.